కాసేపు లేని మనిషి

ఈశ్వర్‌కు ఉన్నది ఒక్కటే భయం, తాను భయపడుతున్నట్టు ఎవరికైనా తెలిసిపోతుందేమోనని. మిగతా భయాలన్నీ దాని కడుపున పుట్టినవే.

జర్మనీలో ఇంగోల్‌స్టాట్ అనే ఊళ్ళో తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు మారినా వాషింగ్ మెషీన్ మోయడానికి ముందు ఫోన్ వచ్చేది అతనికే. పై అంతస్తు, లిఫ్టు లేదు అంటే మరీ హుషారు. ఇద్దరు పట్టాల్సిన దాన్ని ఒక్కడే వీపుకెత్తుకుని, మెట్ల మలుపు దగ్గర ఆగి, కింద నిలబడ్డ కుర్రాళ్ళను చూసి, "ఏందిర, అన్నం తింటలేరా మీరు?" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అతనికి కావాలి. ఇంటికొచ్చాక నడుము పట్టేసి బోర్లా పడుకుంటే భార్య ఊర్మిళ బామ్ రాసేది. ఆమెతో కూడా పరుపు బాగాలేదనే చెప్పేవాడు.

పని బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో. టెస్ట్ ట్రాక్ మీద కారును వేగంగా తోలి, బ్రేకు తొక్కి, ఎంత దూరంలో ఆగిందో చూసే ఉద్యోగం. బ్లూ కార్డు వీసా మీద వచ్చినప్పటినుంచి ఒక్క రోజు సిక్ లీవు పెట్టలేదు. ఇక్కడ జలుబు చేసినా డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని ఇంట్లో పడుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఈశ్వర్ మాత్రం జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా ట్రాక్ మీదికి వెళ్ళేవాడు. పక్కవాళ్ళకు అంటించి వచ్చేవాడు, అది వేరే సంగతి.

ఈ మొండితనం ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న బ్రహ్మయ్యకు ఫిట్స్ వచ్చేవి. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో బ్రహ్మయ్య అంటే అందరికీ జాలి, కొంచెం వేళాకోళం. పాట బాగా పాడేవాడు, కన్నీళ్ళు అంతకంటే బాగా పెట్టేవాడు. నీళ్ళ దగ్గరికి, నిప్పు దగ్గరికి ఒంటరిగా పోవాలంటే వణుకు. పనిలో ఎవరూ పెట్టుకోకపోతే భార్య బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. మేనత్త అయితే ఇంటికొచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి మొహం మీదే "ఆడంగోడు" అనేది. ఫిట్స్ వచ్చి పడిపోతే వాడకట్టంతా చుట్టూ మూగి, "తాళంచెవులు తేండ్రి, తాళంచెవులు" అని అరిచేవాళ్ళు. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ దిగుతాయని నమ్మకం. అందుకని ఈశ్వర్ నిక్కరు జేబులో ఎప్పుడూ ఒక ఇనప తాళంచెవుల గుత్తి ఉండేది. బడికి వెళ్ళినా, ఆడుకోవడానికి వెళ్ళినా చెవి ఇంటివైపే. తోటి పిల్లలు కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ బ్రహ్మయ్యలా నటించి నవ్వేవాళ్ళు.

పెద్దయ్యాక ఏమవుతావని ఎవరైనా అడిగితే ఈశ్వర్ పోలీసు అనో పైలట్ అనో చెప్పేవాడు. లోపల మాత్రం ఒకటే అనుకున్నాడు, నాన్నలా కాకపోతే చాలు. బ్రహ్మయ్య పోయాక, ఎలా పోయాడని అడిగినవాళ్ళందరికీ గుండెపోటు అని చెప్పాడు. ఊర్మిళకు కూడా అదే తెలుసు.

అలాంటివాడికి కిందటి చలికాలం ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఉండగా పాలు మాడిన వాసన వచ్చింది. ఆరోజు ఇంట్లో పాలే లేవు. తర్వాత కడుపులోంచి ఏదో కిందికి జారిపోయినట్టయింది. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ చూసేసరికి సింకు నిండి నీళ్ళు పాదాల మీద పడుతున్నాయి, రేజరు నేల మీద ఉంది, చెంప మీంచి నెత్తురు కారుతోంది. మధ్యలో కొంత సేపు అతను లేడు. అద్దంలో ఉన్న మొహం వాళ్ళ నాన్నది.

నాన్నలా పడి కొట్టుకోలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. నిద్ర తక్కువైంది అనుకున్నాడు. కొన్నాళ్ళకు ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర చేతిలో కప్పు పడి పగిలింది. పక్కనున్న జర్మన్ ఆయన, తాను పేరు పెట్టి పిలుస్తున్నా పలకలేదని, పెదవులు చప్పరిస్తూ గోడవైపు చూస్తూ ఉండిపోయాడని చెప్పి, డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఈశ్వర్ పెద్దగా నవ్వి, "శనివారం ఉపవాసం, మా మతంలో ఉంటుంది" అన్నాడు. ఆరోజు మంగళవారం. ఆ పెద్దమనిషికి మన ఉపవాసాల సంగతి తెలియదు కాబట్టి ఎదురు అడగక తలూపి ఊరుకున్నాడు.

డాక్టరు దగ్గరికి వెళితే ఏమవుతుందో ఈశ్వర్‌కు తెలుసు. ముందు కారు నడపొద్దంటారు, నెలల తరబడి. ట్రాక్ మీదికి రావద్దంటారు. ఊర్మిళ డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పింది, ఇంట్లో కారు తోలేది అతనొక్కడే. ఇవన్నీ నిజమే. అసలు భయం అది కాదు. ఆదివారం క్రికెట్‌లో ఎవడో ఒకడు పక్కవాడి చెవిలో "పాపం ఈశ్వర్ అన్నకు ఫిట్స్ అంట" అంటాడు. ఆ పాపం అన్న మాట అతను భరించలేడు.

ఇక్కడ ఇంజినీరుగారు చేసిన పని చెప్పాలి. ఇంటి తాళంచెవుల గుత్తి జేబులోంచి తీసి, ఫ్రిజ్ మీద బొమ్మను అతికించిన అయస్కాంతం పట్టుకొచ్చి ఒక్కో చెవికీ ఆనించి చూశాడు. ఒక్కటీ అంటలేదు. జర్మనీ తాళంచెవుల్లో ఇనుము లేదు. ఆ ఆదివారమే పాతసామాన్ల సంతకు వెళ్ళి, అయస్కాంతం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగి, తుప్పు పట్టిన పాత కొట్టం తాళంచెవి ఒకటి కొన్నాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బ్రేకుల లెక్కలు కట్టే మనిషి ఆ ఇనప ముక్కను ఎడమ గుప్పిట్లో పెట్టుకుని కారు నడపడం మొదలుపెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియదు. అది చేతిలోకి వచ్చాక జబ్బు మళ్ళీ రాలేదని అతని నమ్మకం. ధైర్యం కూడా వచ్చింది.

ఆ ధైర్యంతోనే శశికాంత్‌ను ఏడిపించాడు. శశికాంత్‌ది హనుమకొండ, ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు. వారాంతాల్లో ఊర్మిళ పిలిస్తే భోజనానికి వచ్చేవాడు. చలికాలం చీకటి రోజుల్లో ఒక్కడే గదిలో ఉండి ఉండి, క్లాసులు మానేసి, ఒకరోజు వీళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊర్మిళ తల నిమిరింది. ఈశ్వర్‌కు మాత్రం ఆ ఏడుపు వింటుంటే చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చి కంపరం ఎత్తింది. "మగోడివి, ఏడుస్తవేందిర? లే, మొహం కడుక్కో" అన్నాడు. శశికాంత్ యూనివర్సిటీలో కౌన్సెలర్‌ను కలిశాడు. కోలుకున్నాడు, చదువులో పడ్డాడు, డ్రైవింగ్ లైసెన్సు కూడా తీసుకున్నాడు. ఈశ్వర్ ఊరుకున్నాడా? క్రికెట్ గ్రౌండులో అందరి ముందు, "మా శశిగాడు ఏడ్వనీకి టెర్మిన్ తీస్కున్నడు" అన్నాడు. టెర్మిన్ అంటే ఇక్కడ అపాయింట్‌మెంట్. అందరూ పగలబడి నవ్వారు. శశికాంత్ కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అన్నా అని పిలవడం మానలేదు.

జూన్‌లో ఊర్మిళ స్నేహితురాలు ఉదయశ్రీకి నూరెంబర్గ్‌లో సీమంతం. సాయం చేయడానికి ఊర్మిళ ముందురోజే రైల్లో వెళ్ళింది. శనివారం పొద్దున పులిహోర గిన్నెలు డిక్కీలో పెట్టుకుని, ఆరేళ్ళ కూతురు ఈషాను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, శశికాంత్‌ను పక్కన ఎక్కించుకుని ఈశ్వర్ బయల్దేరాడు. పేరంటానికి తెప్పించిన గాజుల పెట్టె శశికాంత్ ఒళ్ళో ఉంది.

"గాజులు నీ దగ్గరనే మంచిగున్నయిరా" అన్నాడు ఈశ్వర్.

శశికాంత్ పెట్టె కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఊర్మిళ ఫోన్ చేసింది. "బయల్దేరిన్రా? నిమ్మళంగా రాండ్రి, తొందరేం లేదు."

ఆటోబాన్ హైవే ఎక్కారు. ఎండ బాగుంది. ఈషా జర్మన్‌లో కిటాలో, అంటే బాలబడిలో నేర్చిన పాటేదో పాడుకుంటోంది. అడవి దాటి కొంత దూరం పోయాక ఈశ్వర్‌కు పాలు మాడిన వాసన వచ్చింది.

ముందు పులిహోర పోపు అనుకున్నాడు. పోపు వాసన అది కాదు. అరిచేతులు తడిసిపోయాయి. ఎడమ గుప్పిట్లో ఉన్న ఇనప చెవిని గట్టిగా నొక్కాడు, అంచు గుచ్చుకునేదాకా నొక్కాడు. ఎడమ వైపు నుంచి కార్లు విసురుగా దూసుకుపోతున్నాయి, కుడి వైపు లారీల వరస. వెనక అద్దంలో ఈషా రెండు జడలు కనబడుతున్నాయి. దేవుడా, ఇప్పుడు కాదు, పిల్ల ఉంది, ఇప్పుడు కాదు అనుకున్నాడు.

"అన్నా, ఏమైంది? చెమటలు పడుతున్నయి నీకు."

"ఏం లేదు."

"ఏసీ పెంచాల్నా?"

"ఏం లేదన్న కదరా."

బండ్లు ఆపుకునే రెస్ట్ ఏరియా బోర్డు వచ్చింది. అక్కడికి తిప్పొచ్చు. తిప్పి, నువ్వు నడుపు అని రెండు మాటలు అంటే చాలు. నిద్రొస్తోందని అబద్ధమాడినా చాలు. శశికాంత్ మారు మాట్లాడకుండా ఇటు వచ్చి కూర్చునేవాడు. ఈశ్వర్ నోరు తెరిచాడు. గ్రౌండులో నవ్వు చెవుల్లో వినబడింది, ఈసారి తన మీద. ఈ గాజుల పెట్టెవాడి చేతిలో స్టీరింగ్ పెట్టాలా? నోరు మూసుకున్నాడు. బోర్డు వెనక్కి పోయింది. తొందరగా చేరిపోతే చాలనుకున్నాడు, చేరాక ఏమైనా రానీ. ఆక్సిలరేటర్ తొక్కాడు.

బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ స్థితిలో వేగం తగ్గిస్తాడు. భయపడ్డవాడికి బుద్ధి ఎక్కడుంటుంది?

"నాన్నా, చాలా స్పీడ్‌గా పోతున్నావు" అని ఈషా జర్మన్‌లో అంది. ఆ గొంతు సన్నగా వణికింది. జవాబు చెబుదామనుకున్నాడు. కడుపులోంచి ఏదో జారిపోయింది.

తర్వాత అతను లేడు.

వచ్చేసరికి కారు రోడ్డు పక్క ఎమర్జెన్సీ లేనులో నిలబడి ఉంది. స్టీరింగ్ మీద ఉన్నవి తన చేతులు కావు. శశికాంత్ సగం తన ఒళ్ళోకి వాలి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకున్నాడు, రెండో చేతి వేలు హ్యాండ్ బ్రేకు స్విచ్చును పైకి లాగి పట్టుకుని ఉంది. హజార్డ్ లైట్లు టక్ టక్ మంటున్నాయి. కారు నిండా గాజు ముక్కలు, ఆకుపచ్చవి, ఎర్రవి. శశికాంత్ మోచేతి దగ్గర నెత్తురు. పక్కనుంచి లారీ పోతే కారు మొత్తం ఊగింది.

"అన్నా, దిగు. ఇటువైపు నుంచి దిగు" అంటూ శశికాంత్ ముందు తాను దిగి, ఈషాను ఎత్తుకుని ఇనప కంచె అవతలికి దాటించాడు. ఈశ్వర్ వెనకాలే పాక్కుంటూ వచ్చి గడ్డిలో నిలబడ్డాడు. తల బరువుగా ఉంది, నాలుక మందంగా ఉంది. శశికాంత్ అప్పటికే ఫోన్‌లో ఎవరితోనో జర్మన్‌లో తామున్న చోటు చెబుతున్నాడు.

"ఎవర్కిరా ఫోను?"

"అంబులెన్స్‌కు."

"నాకేమైంది? కన్ను అంటుకున్నది, గంతే. పెట్టెయ్. మీ వదినకు చెప్పకు."

"నువ్వు కండ్లు తెర్సుకోనే ఉన్నవన్నా" అన్నాడు శశికాంత్.

ముందు పోలీసు బండి వచ్చింది. పోలీసాయన మర్యాదగా, ఏం జరిగింది, బండి నడిపింది ఎవరు అని అడిగాడు. లైసెన్సు, ట్రాక్, బ్లూ కార్డు, గ్రౌండులో నవ్వు, మేనత్త మాట అన్నీ ఒక్కసారి ఈశ్వర్ మీద పడ్డాయి. అతని నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"నేనే నడిపాను. బాగానే నడుపుతున్నాను. ఇతను ఆటలాడుతూ స్టీరింగ్ గుంజాడు."

అనేశాక ఆ మాట తనకే వినబడింది. పోలీసాయన శశికాంత్ వైపు తిరిగాడు. ఒక విదేశీ విద్యార్థి మీద ఆ మాట ఎంత పని చేస్తుందో అక్కడున్న ముగ్గురు పెద్దవాళ్ళకూ తెలుసు. శశికాంత్ మొహం పాలిపోయింది. ఈశ్వర్‌నే చూస్తూ తెలుగులో, నెమ్మదిగా అన్నాడు.

"నీ బిడ్డ వెనక సీట్ల ఉన్నది అన్నా. గది గుర్తున్నదా నీకు?"

ఈశ్వర్ కారు వైపు చూశాడు. కారు దాటి కొంచెం ముందు రోడ్డు ఎడమకు తిరిగి లోయలోకి దిగుతోంది. తిరగకుండా నేరుగా పోతే కంచె, కంచె అవతల ఏమీ లేదు, చెట్ల తలలు. ఆ వేగంలో కారు ఆగడానికి ఎంత దూరం కావాలో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? ఆ దూరం అక్కడ లేదు. వెనక సీటు, రెండు జడలు, పాట. పక్కకు వంగి వాంతి చేసుకున్నాడు.

మూతి తుడుచుకుని లేచాడు.

"నేను చెప్పింది అబద్ధం" అన్నాడు పోలీసాయనతో. "ఇతను ఏ తప్పూ చేయలేదు. నాకు తెలివి తప్పింది. ఇతను ఆపకపోతే మేం ముగ్గురం లేం. మా నాన్నకు ఫిట్స్ ఉండేవి. నాకూ వచ్చాయి. తెలిసే కారెక్కాను."

జర్మన్‌లో చెప్పడం వల్ల చెప్పగలిగాడేమో. తెలుగులో అంత తేలిగ్గా వచ్చేది కాదు. శశికాంత్ తల తిప్పుకుని లోయవైపు చూస్తూ నిలబడ్డాడు. క్షమించాడో లేదో ఆ వీపును చూస్తే తెలియలేదు.

అంబులెన్స్ వచ్చింది. అందులోంచి దిగిన ఆమె పొట్టి జుట్టుతో, ఓపికైన మనిషిలా ఉంది. బీపీ చూసింది, కళ్ళలోకి లైటు వేసింది, ఇంతకు ముందు ఎన్నిసార్లు వచ్చిందని అడిగింది.

"రెండుసార్లు. ఇది మూడోది."

ఈషా ఆమె పక్కనే నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. ఊపి, వెంటనే నేల చూపులు చూసింది. ఆమె అది గమనించింది. మోకాళ్ళ మీద కూర్చుని, "నీకు తెలుసా?" అని అడిగింది.

ఈషా పెదవులు బిగించింది. తండ్రి మొహంలోకి చూసింది. చెప్పొచ్చా అని అడుగుతోంది. ఆరేళ్ళ పిల్ల, ఐస్‌క్రీమ్ కోసం కూడా అలా అనుమతి అడగదు.

"చెప్పు తల్లీ" అన్నాడు ఈశ్వర్. "అంతా చెప్పు."

పిల్ల జర్మన్‌లో గబగబా చెప్పేసింది. కథ చదువుతూ చదువుతూ నాన్న ఆగిపోతాడు. రేవే సరుకుల దుకాణంలో క్యూలో ఒకసారి. ఈత కొలను మెట్ల మీద ఒకసారి. బస్‌స్టాప్ దగ్గర చాలాసార్లు. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ నాన్న ఉండడు. అప్పుడు నేను నాన్న చొక్కా పట్టుకుంటాను. రోడ్డు పక్కనైతే రెండు చేతులతో పట్టుకుంటాను. వచ్చాక ఏమీ అవనట్టు మాట్లాడతాను. స్నానాలగదిలో ఉంటే తలుపు బయట కూర్చుని వింటాను.

ఈశ్వర్ వింటున్నాడు. వీటిలో ఒక్కటీ అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ తన ఇంట్లో ఒక పసిపిల్ల చెవి తనవైపు పెట్టుకుని ఆడుకుంది, తిన్నది, నిద్రపోయింది.

"అమ్మకు ఎందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"మేం భయపడే రకం కాదని నాన్న చెప్పాడు."

"నీకు భయం వేయలేదా?"

ఈషా ఆమె చెవి దగ్గరకు వంగింది. గుసగుసలాడుతున్నాననుకుని అంది కానీ అందరికీ వినబడింది.

"వేస్తుంది. నాన్నకు మాత్రం చెప్పకండి."

ఈశ్వర్ గడ్డిలో కూలబడిపోయాడు. పోలీసాయన ముందు, శశికాంత్ ముందు, పక్కనుంచి పోయే కార్లన్నిటి ముందు నోరు తెరిచి ఏడ్చాడు. చిన్నప్పటినుంచి దాచుకున్నదంతా బయటికొచ్చినట్టు, ఆపుకోవాలని కూడా తోచక, భుజాలు ఎగరేసి ఏడ్చాడు. ఈషా పరుగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుంది. మళ్ళీ వెళ్ళిపోతున్నాడేమోనని మొహంలోకి మొహం పెట్టి చూసింది.

"ఇక్కడ్నే ఉన్న బిడ్డా" అన్నాడు ఈశ్వర్. "యాడికీ పోలేదు. నాకు భయమైతున్నది, గంతే."